జీపు మీద చిలక బొమ్మ: కొర్లగుంట పెయింటర్ అన్న పని గురించి నా రివ్యూ

తిరుపతిలో బండి మీద బొమ్మ కావాలంటే ఇప్పుడు అందరూ పోయేది రేడియం షాపుకే, మిషన్లో కట్ చేసి అర్ధగంటలో అతికించి పంపించేస్తారు, రేటు కూడా తక్కువే. నేను రాసేది మాత్రం కొర్లగుంట వైపు ఇప్పటికీ కుంచె పట్టుకుని ఎనామెల్ పెయింటుతో చేత్తో బొమ్మలేసే ఒక పెయింటర్ అన్న గురించి. మా మామ జీపుకి ఆయన దగ్గర నోస్ ఆర్ట్ వేయించాం. పని అయిపోయి ఒక ఎండాకాలం గడిచినాకే రాస్తున్నా, ఎందుకంటే కొత్తలో ఏ పెయింటైనా మెరుస్తాది, మన ఊరి ఎండ తగిలినాక గానీ అసలు సంగతి తెలీదు. ముందే చెప్పేస్తున్నా, పనికి ఐదుకి ఐదు ఇస్తా, టైముకి మాత్రం మూడే.

నోస్ ఆర్ట్ అంటే తెలీనోళ్లకి కొంచెం చెప్పాలి. యుద్ధ విమానం ముక్కు మీద, పైలట్ కిటికీకి కాస్త కింద, ఆ విమానంలో ఎగిరేవాళ్లు తమకోసం వేయించుకునే బొమ్మ అది, పక్కనే ఒక పేరు, దాని కింద వరసగా చిన్న చిన్న బాంబు గుర్తులు, ఒక్కో దాడికి ఒక్కోటి. పై ఆఫీసర్లు ఇచ్చేది నంబర్ మాత్రమే, బొమ్మ మాత్రం వాళ్ల సొంతం. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే మొదలైంది ఇది, ఫ్రాన్సెస్కో బరాక్కా అని ఇటలీ పైలట్ తన విమానం మీద ముందుకాళ్లు లేపిన గుర్రం బొమ్మ వేయించుకున్నాడు, ఆయన 1918లో చనిపోయాడు, తర్వాత వాళ్లమ్మే ఆ గుర్రాన్ని పెట్టుకోమని ఎంజో ఫెరారీకి చెప్పింది, ఈరోజు ఫెరారీ కార్ల మీద మనం చూసే గుర్రం అదే. ఇంగ రెండో యుద్ధం వచ్చేసరికి ఎక్కడ చూసినా ఇవే, ఎక్కువగా అమెరికా బాంబర్ల మీద.

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాడు. విమానం రేకు పనంతా ఆయనదే, రివెట్లు, ప్యానెళ్లు, తుప్పు చూడటం. ఆయనకి ఈ బొమ్మల పిచ్చి సర్వీసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. మన దగ్గర స్క్వాడ్రన్ గుర్తు తప్ప సొంత బొమ్మ ఎవరేసుకుంటారురా, అని అంటూనే పాత ఫోటోలన్నీ ఫోన్లో దాచుకుంటాడు. ఈ ఏడాది ఆయనకి 70 వచ్చినాయి, పిల్లలు భీమరథ శాంతి చేయిద్దామన్నారు, అదే ఊపులో ఆయన పాత డిస్పోజల్ జీపుకి కూడా ఏదో ఒకటి చేయిద్దామని నేను అన్నా.

మామ మొదట ఒక స్టికర్ షాపులో సొరచేప పళ్లు అతికించుకోని వచ్చాడు. షాపు పేరు వద్దులే. ఇంజన్ వేడికి బానెట్ కాగి కాగి నెలలు తిరక్కముందే అంచులు లేచిపోయినాయి, అందులో దుమ్ము చేరి నల్లగా అయ్యింది, పీకితే కింద రంగు కూడా దాంతోపాటు ఊడొచ్చింది. అప్పుడు మా ఎదురింటి ఆటో ఆయన చెప్పాడు, కొర్లగుంటలో ఒకాయన ఉన్నాడు, ఒకప్పుడు సినిమా హోర్డింగులు, ప్రైవేటు బస్సులు రాసేవాడు, ఇప్పుడు ఫ్లెక్సీలొచ్చి పని తగ్గింది గానీ చెయ్యి మాత్రం తగ్గలేదు అని.

షాపుకి పేరంటూ ఏం లేదు, ఒక రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, పక్కన వెల్డింగ్ షాపు. గోడంతా అక్షరాల నమూనాలు, పక్కనే వేంకటేశ్వర స్వామి, ఏసుప్రభువు, మక్కా మసీదు ముగ్గురూ ఒకే రేకు మీద, ఆటోలకి ఎవరికి ఏది కావాలంటే అది వేస్తాడంట. మేం పోయినప్పుడు ఒక లారీ వెనకాల డోరుకి తామరపువ్వులు వేస్తున్నాడు. నేను ఫోన్ తీసి సొరచేప పళ్ల ఫోటో చూపించా. ఆయన కాసేపు చూసి అడిగిన మొదటి మాట, "ఈ బండి ఎవురిది సామీ, ఏం పని చేస్తాది?"

అక్కడే ఈయన మీద నాకు నమ్మకం కుదిరింది. రేట్ అడగలేదు, సైజు అడగలేదు.

సొరచేప నోరు వద్దని ఆయనే చెప్పాడు. కారణం కూడా చెప్పాడు, అదెంత కరెక్టో ఇంటికొచ్చి ఆలోచిస్తే గానీ అర్థం కాలా. ఆ ఫోటోలో ఉన్నది పి-40 విమానం. దాని ముక్కు కింద గాలి లోపలికి తీసుకునే పెద్ద రంధ్రం ఉంటుంది, చూడటానికే తెరిచిన నోరులా ఉంటుంది, అందుకే పళ్లు, కన్ను వేస్తే అంత బాగా కుదిరింది. ముందు జర్మనీ వాళ్ల మెసర్‌ష్మిట్ 110 విమానాల మీద ఆ నోరు కనిపించింది, దాన్ని చూసి ఉత్తర ఆఫ్రికాలో ఉన్న బ్రిటిష్ 112 స్క్వాడ్రన్ వాళ్లు 1941లో తమ టోమాహాక్‌ల మీద, అంటే వాళ్ల దగ్గరున్న పి-40ల మీద, వేసుకున్నారు, ఆ ఫోటో పత్రికలో చూసి బర్మాలో ఉన్న అమెరికా వాలంటీర్లు, అదే షెనాల్ట్ నడిపిన ఫ్లయింగ్ టైగర్స్, వాళ్లూ వేసుకున్నారు. పేరు తెచ్చుకుంది మాత్రం చివర వేసుకున్నవాళ్లే. జీపుకి అట్లాంటి నోరు యాడుంది? పెయింటర్ అన్న మాటల్లోనే, "దీనికి గ్రిల్లే పళ్ల మాదిరి ఉండాది, మళ్లా పళ్లెందుకు, బండి ఆకారం చూసి బొమ్మేయాల గానీ ఫోటో చూసి కాదు." మన లారీల ముందు కట్టే దిష్టిబొమ్మ కూడా అంతే కదా, బంపర్‌కి సరిపోయే మొహమే కడతారు.

సరే ఏం వేద్దాం అన్నది పెద్ద చర్చ అయింది. మామ తన దగ్గరున్న ఫోటోలన్నీ చూపించాడు, ఆ పూట లారీ పని పక్కన పడిపోయింది. అందరికీ తెలిసిన మెంఫిస్ బెల్ అనే అమెరికా బి-17 బాంబర్ ఫోటో వచ్చినప్పుడు నేను దాని పైలట్ రాబర్ట్ మోర్గాన్ గురించి చెప్పబోయా, పది మంది సిబ్బంది, 25 దాడులు పూర్తిచేసి ప్రాణాలతో తిరిగొచ్చారు, 1943 మే 17న ఆఖరి దాడి, ఆ రోజుల్లో 25 పూర్తి చేయడమంటే మాటలు కాదు అని. పెయింటర్ అన్న అదంతా విని, "అది సరే, బొమ్మేసినోడు ఎవురు?" అన్నాడు.

మామకి ఆ పేరు తెలుసు. టోనీ స్టార్సర్, కార్పొరల్. ఇంగ్లండులో బాసింగ్‌బోర్న్ అనే చోట 91వ బాంబ్ గ్రూపులో పనిచేసేవాడు, ఒక పత్రికలో జార్జ్ పెట్టీ వేసిన అమ్మాయి బొమ్మని తీసుకుని ఆ బి-17 ముక్కు మీద రెండు వైపులా వేశాడు, ఒకవైపు నీలం డ్రెస్సు, ఇంకోవైపు ఎరుపు. ఒక్క ఆ గ్రూపు విమానాలకే 100కి పైగా బొమ్మలు వేశాడాయన. వాటిల్లో చాలా విమానాలు వెనక్కి రాలేదు. ఇది విన్నాక పెయింటర్ అన్న ఏం మాట్లాడకుండా ఫోటోని వేళ్లతో పెద్దది చేసి ఆ కాళ్ల దగ్గర షేడ్ ఎట్ల వేశాడో చూస్తూ కూర్చున్నాడు. ఆ విమానం ఇప్పుడు అమెరికాలో డేటన్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది, ఏళ్ల తరబడి రిపేరు చేసి సరిగ్గా ఆ సిబ్బంది ఆఖరి దాడికి 75 ఏళ్లు నిండిన రోజున, 2018 మే 17న, జనాలకి చూపించడం మొదలుపెట్టారు.

అమ్మాయి బొమ్మ వద్దని మామ ముందే అనేశాడు, ఆ వయసులో ఆయనకీ వద్దు, చూసేవాళ్లకీ బాగుండదు. నా అభిప్రాయం కూడా అదే, అప్పట్లో ఇళ్లకి దూరంగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లు వాళ్లకి తోచింది వేసుకున్నారు, దాన్ని తీసుకొచ్చి ఇప్పుడు తిరుపతి రోడ్ల మీద తిప్పితే దాంట్లో మనదంటూ ఏముంటుంది. కాపీ కొడితే అది నోస్ ఆర్ట్ కాదు, ఉత్త బొమ్మ.

పేరు విషయంలో మామ పట్టుబట్టాడు. వాళ్లమ్మ పేరు, మా అవ్వ పేరు, మంగమ్మ. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాల్ టిబ్బెట్స్ అనే పైలట్ కూడా తన తల్లి పేరే విమానం ముక్కు మీద రాయించాడు, ఎనోలా గే. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసింది ఆ బి-29 బాంబరే. బొమ్మ లేదు దాని మీద, పేరొక్కటే, నల్లటి పెద్ద అక్షరాలు. ఆ సంగతి మామ పెయింటర్ అన్నకి చెప్తే ఆయన చేతిలో ఉన్న కుంచె పక్కన పెట్టి "అమ్మ పేరు పెట్టి ఆ పని చేసినారా" అన్నాడు. మామ అన్నాడు, మా అమ్మ పేరు మాత్రం కాయలు మోసే బండి మీదే ఉంటుంది అని. ఆ జీపు పనంతా అదే మరి, దామలచెరువు దగ్గర మాకున్న తోట నుంచి మామిడికాయలు మోయడం, సీజన్ లేనప్పుడు మామని మోయడం.

బొమ్మ ఐడియా పెయింటర్ అన్నదే. తోతాపురి కాయకి చిలక ముక్కు ఉంటుంది కదా, అందుకని చిలకని వేశాడు, రెక్కలు వెనక్కి ముడిచి కిందికి దూకుతోంది, కాళ్లతో ఒక తోతాపురి కాయని పట్టుకుంది, బాంబర్ బాంబుని పట్టుకున్నట్టే. మెంఫిస్ బెల్ లాగా రెండు వైపులా రెండు రంగులు పెడదాం అని మామ అంటే, చిలక పచ్చగానే ఉండాలి మెడలో పట్టీ మారుద్దాం అని ఎడమవైపు నీలం, కుడివైపు ఎరుపు వేశాడు. ఇంకో మంచి పని చేశాడు, రెండు వైపులా చిలక బండి ముందుకే చూస్తుంది. స్టికర్ షాపులో ఒకే బొమ్మని రెండు పక్కలా అతికిస్తే ఒకవైపు వెనక్కి పోతున్నట్టుంటుంది, గమనించండి, చాలా బండ్ల మీద ఇదే తప్పు.

ఇంగ పని గురించి. ముందు పాత స్టికర్ జిగురంతా థిన్నర్‌తో తుడిచి, ఉప్పుకాగితం నీళ్లలో తడిపి తడిపి రుద్ది, సొట్టలున్న చోట లప్పం పెట్టి, మళ్లీ రుద్ది, ప్రైమర్ కొట్టాడు. ఇదంతా బొమ్మలో కనపడదు కానీ మన డబ్బులో సగం దీనికే, ఎవరైనా ఈ పని ఎగ్గొట్టి నేరుగా బొమ్మేస్తా అంటే లేచి వచ్చేయండి. తర్వాత బొమ్మని పెద్ద కాగితం మీద గీసుకుని, గీత పొడుగునా సూదితో పొడిచాడు, దగ్గర దగ్గరగా వందల చిల్లులు. ఆ కాగితాన్ని బానెట్‌కి అతికించి, చాక్‌పీస్ పొడి గుడ్డలో మూటగట్టి దాని మీద తట్టుకుంటూ పోయాడు. కాగితం తీస్తే చిలక మొత్తం తెల్లటి చుక్కలతో రేకు మీద దిగి ఉంది. ఇంకోవైపుకి అదే కాగితం తిప్పి వేశాడు, అందుకే రెండు చిలకలూ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చినాయి.

అక్షరాలు రాసేటప్పుడు పక్కనే కూర్చుని చూశా. ఎడమచేత్తో ఒక సన్న కర్ర పట్టుకుంటాడు, కర్ర కొనకి గుడ్డ చుట్టి ఉంటుంది, దాన్ని బానెట్‌కి ఆనించి, కుడిచేయి మణికట్టు దాని మీద పెడతాడు, తడి రంగుకి చెయ్యి తగలదు. మంగమ్మ అనే పేరులో మొత్తం గుండ్రాలే, స్కేలు పెట్టి రాసే అక్షరం ఒక్కటీ లేదు. కుంచెని పెయింటులో ముంచి డబ్బా అంచుకి రెండువైపులా రాసి చదును చేసి, ఊపిరి బిగబట్టి, ఒక వంపు పూర్తయ్యేదాకా కుంచె ఎత్తడు. మధ్యలో వెల్డింగ్ షాపు వాడు ఏదో అడిగినా పలకలా. వంపు ఎక్కడ లావవ్వాలో అక్కడ కుంచెని కొంచెం నొక్కుతాడు, ఎక్కడ సన్నబడాలో అక్కడ వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతాడు. పసుపు అక్షరం, దానికి ఎర్ర అవుట్‌లైన్, కుడిపక్క నల్ల షేడ్. దగ్గరికెళ్లి చూస్తే కుంచె వెంట్రుకల చారలు సన్నగా కనిపిస్తాయి, నాకైతే అవే నచ్చినాయి, స్టికర్‌లో ఆ చారలు రావు.

పేరు కింద గుర్తులు. ఇది నేను అడిగింది. 1944లో అమెరికా బి-29లు మన దేశంలోనే ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఎయిర్‌ఫీల్డుల్లో ఉండేవి, మొదటి దాడి కూడా ఇక్కడి నుంచే, ఆ ఏడాది జూన్ 5న బ్యాంకాక్ మీదికి. అక్కడి నుంచి చైనాకి పెట్రోలు, సామాను హిమాలయాల మీదుగా మోసుకుపోవాలి, దాన్నే హంప్, అంటే మూపురం, అనేవాళ్లు. దాడికైతే బాంబు గుర్తు, హంప్ దాటి సామాను మోసిన ట్రిప్పుకైతే ఒంటె గుర్తు వేసుకునేవాళ్లు ముక్కు మీద. మోత పనికి కూడా గుర్తు వేసుకున్నారు చూడండి, అది నాకు చాలా ఇష్టం. మామ జీపుకి ఒక్కో మామిడి సీజన్‌కి ఒక్కో కాయ వేయించాం, బొటనవేలంత. 2025లో తోతాపురి ధర ఎట్ల పడిపోయిందో మన జిల్లాలో అందరికీ తెలుసు, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు క్యూ కట్టి కాయ అట్లే కుళ్లిపోయింది. ఆ సీజన్‌కి రంగు నింపొద్దు, ఉత్త గీత గీయి చాలు అన్నాడు మామ. ఇప్పుడు వరసలో అన్నీ పచ్చటి కాయలు, ఆ ఒక్కటి మాత్రం బోలుగా ఉంటుంది. రోడ్డు మీద ఆపి దాని గురించి అడిగేవాళ్లే ఎక్కువ, అడిగినవాళ్లలో సగం మంది రైతులే, చెప్పకముందే వాళ్లకి అర్థమైపోతుంది.

పెయింటర్ అన్నని సంతకం పెట్టమంటే ముందు ఒప్పుకోలా, బస్సులకి ఎప్పుడూ పెట్టలేదంట. మామ గట్టిగా అడిగితే కుడివైపు చిలక తోక కింద చిన్నగా పెట్టాడు. పెట్టించుకోవాల్సిందే అని నా గట్టి అభిప్రాయం. యుద్ధం అయిపోయినాక వేల విమానాలని తుక్కు కింద కరిగించేశారు, అమెరికాలో వాల్‌నట్ రిడ్జ్ అనే తుక్కు యార్డులో మినాట్ ప్రాట్ అనే మేనేజర్ మనసొప్పక మంచి బొమ్మలున్న రేకుల్ని గొడ్డళ్లతో నరికించి పక్కన పెట్టించాడు, అట్లా మిగిలినవి 30 పైచిలుకు, ఇప్పుడు కూడా భద్రంగా ఉన్నాయి. మిగతావన్నీ అల్యూమినియం ముద్దలైపోయినాయి. మన దగ్గర దీనికి ఉల్టా కథ ఒకటుంది, కాన్పూర్‌లో యుద్ధం అయినాక పనికిరాకుండా చేసి వదిలేసిపోయిన లిబరేటర్ బాంబర్లని బెంగళూరు హెచ్ఏఎల్ వాళ్లు 40కి పైగా బాగుచేసి మళ్లీ ఎగరేశారు, అవి 1968 దాకా మన ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశాయి. మామ ఆ కథ మొదలుపెడితే ఆపడు, పెయింటర్ అన్న టీ తెప్పించి మరీ విన్నాడు.

ఖర్చు చెప్తా. రెండు వైపులా బొమ్మ, పేరు, గుర్తులు, పైన క్లియర్ కోట్, అన్నీ కలిపి 7,000 అయింది, 2,000 అడ్వాన్స్ తీసుకున్నాడు, ఫోన్‌పే ఉంది. స్టికర్‌కి పదిహేను వందలు పెట్టినోళ్లకి ఇది ఎక్కువ అనిపించొచ్చు, కానీ ఆ పనికి పట్టిన గంటలు చూస్తే నాకు తక్కువే అనిపించింది, బేరం ఆడలేదు, మీరూ ఆడొద్దు. మొన్న ఎండలకి బండి ఎయిర్ బైపాస్ రోడ్డులో పొద్దంతా నిలబెట్టినా రంగు పగల్లేదు, ఎర్ర పట్టీ మాత్రం నీలం కంటే కొంచెం వెలిసింది, ఎరుపు ఎండకి ఆగదని ఆయన ముందే చెప్పాడు, ఏడాదికోసారి తెస్తే ఒక చెయ్యి వేసిస్తా అన్నాడు.

బాగాలేనివి కూడా చెప్పాలి. చెప్పిన టైముకి ఇవ్వడు. భీమరథ శాంతికి బండి అందుద్దా లేదా అని మామ కూతురు రోజూ ఫోన్ చేసింది, ముందు రోజు రాత్రికి గానీ ఇవ్వలా, క్లియర్ కోట్ ఇంకా వాసనొస్తానే ఉంది. మధ్యలో ఎవరైనా షాపు ఓపెనింగ్ అని బోర్డు కోసం వస్తే మన పని ఆగిపోతుంది. షెడ్డు ముందు దుమ్ము, క్లియర్ కోట్‌లో రెండు మూడు చోట్ల నలకలు పడ్డాయి, దగ్గరగా వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. కారు పెట్టడానికి జాగా లేదు, బండి వదిలేసి ఆటోలో వచ్చేయాల. ఫోటోలో ఉన్నట్టే మనిషి మొహం రావాలి అనేవాళ్లు పోవద్దు, ఆయన హోర్డింగు చెయ్యి, దూరం నుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉండే పని అది, జుట్టు వెంట్రుక వెంట్రుకా కావాలంటే ఎయిర్‌బ్రష్ వాళ్లని వెతుక్కోండి.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. బ్రహ్మోత్సవాల ముందు, సంక్రాంతి ముందు పోవద్దు, ఆర్చీలు, బోర్డుల పనిలో తల ఎత్తడు. ఫోన్లో ఫోటో చూపించి ఇదే దించమని అడగొద్దు, బండి ఏం పని చేస్తదో, ఎవరు తిరుగుతారో చెప్పండి, బొమ్మ ఆయనే తీస్తాడు. మన ఎయిర్‌ఫోర్స్‌లో విన్యాసాలు చేసే సారంగ్ టీమ్ హెలికాప్టర్ల మీద నెమలి బొమ్మ ఉంటుంది కదా, యలహంకలో ఎయిర్ షోకి పోయినవాళ్లు చూసే ఉంటారు, దాని ఫోటో ఒకటి మామ ఆయనకి ఇచ్చొచ్చాడు, గోడకి అతికించి ఉంది. మా కజిన్ బులెట్ ట్యాంకుకి ఏం వేయాలని ఇప్పుడు చర్చ నడుస్తోంది, వాడు శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తాడు కాబట్టి గీత వాడే గీస్తానంటున్నాడు, రంగు నాది అని పెయింటర్ అన్న అంటున్నాడు, ఉగాది దాటినాక బండి తెమ్మన్నాడు.